వాడిన ఎక్స్‌కవేటర్లలో ఎలక్ట్రానిక్ సమాచార లోపాల నిర్ధారణ: కాసిపేట ప్రాంత చెరువు పనుల దృష్ట్యా ఒక అధ్యయన పాఠం

సారాంశం

చెరువు పూడికతీత, పంటకుంటల తవ్వకం, చేను చదును వంటి పనులకు ఏడాదిలో రెండు మూడు నెలలే అనువైన కాలం. ఆ కాలంలో ఎక్స్‌కవేటర్ ఆగిపోతే పని మరుసటి వేసవికి వాయిదా పడుతుంది. వాడిన యంత్రాలలో తరచుగా ఎదురయ్యే సమస్య కంట్రోలర్ల మధ్య సమాచారం తెగిపోవడం. ఇటువంటి లోపం కనిపించగానే ఖరీదైన కంట్రోలర్‌ను మార్చే అలవాటు క్షేత్రస్థాయిలో ఉన్నది. వాస్తవానికి లోపం ఎక్కువగా తీగలలో, కనెక్టర్లలో, ఎర్తు కలయికలలో ఉంటుంది. సామాన్యమైన మల్టీమీటరుతో, ఒక నిర్దిష్ట క్రమంలో కొలతలు తీసుకొని లోపాన్ని గుర్తించే పద్ధతిని ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఉపోద్ఘాతం

సస్యశాస్త్ర పత్రికలో ఎక్స్‌కవేటర్ వైరింగు గురించిన వ్యాసమేమిటన్న సందేహం పాఠకులకు కలగవచ్చు. దీనికి సమాధానం పంట కాలంలోనే ఉన్నది. ఉత్తర తెలంగాణలో చెరువుల నీరు తగ్గి, అడుగు ఆరి, యంత్రం దిగగలిగే స్థితి మార్చి తరువాతనే వస్తుంది. రోహిణి కార్తె ముగిసి మృగశిర ప్రవేశించేలోగా పూడికమట్టి చేలకు చేరాలి, పరచాలి, దుక్కిలో కలవాలి. ఆపైన పత్తి విత్తనం వేళ వస్తుంది. ఈ నడుమ యంత్రం పది రోజులు ఆగిపోతే పోయేది పది రోజుల అద్దె మాత్రమే కాదు. ఆ మట్టి మీద ఆశ పెట్టుకున్న చలక నేలలకు ఒక ఏడాది తేమ నిలుపుదల కూడా పోతుంది.

పూడికమట్టిలో బంకమన్ను, సేంద్రియ పదార్థం ఎక్కువ. ఇసుక పాలు హెచ్చుగా ఉన్న ఎర్ర చలకలలో దీనిని కలిపితే నేల నీటిని పట్టి ఉంచే శక్తి పెరుగుతుంది. ఇప్పటికే బరువుగా ఉన్న నల్లరేగళ్లకు దీని అవసరం తక్కువ. ఉదజని సూచిక, లవణ పరిమాణం పరీక్షించిన తరువాతనే చేనుకు తోలాలన్నది మనం రైతులకు చెప్పే మాటే. మట్టి పరీక్ష చేయకుండా ఎరువు సిఫారసు చేయము. అదే నియమం యంత్రానికీ వర్తిస్తుందని చూపడమే ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం: బొగ్గు గనుల అంచున వ్యవసాయం

మంచిర్యాల జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నుంచి ఏర్పడింది. ఇందులోని కాసిపేట మండలం సింగరేణి కాలరీస్ సంస్థ మందమర్రి ఏరియా పరిధిలోని గనులకు, దేవాపూర్ సిమెంటు కర్మాగారానికి నెలవు. గోదావరికి దక్షిణాన రామగుండం, గోదావరిఖని, ఉత్తరాన శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వరకు విస్తరించిన ఈ బొగ్గు పట్టీలో మట్టిని కదిలించే యంత్రాలు నిత్యం కనిపిస్తాయి. ఓపెన్‌కాస్ట్ గనులలో బొగ్గుపై ఉన్న మట్టిని, రాతిని తొలగించే పనిలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు ఇస్తారు. గంటల లెక్కన బాగా అరిగిన కాంట్రాక్టు యంత్రాలు కాలక్రమేణా చేతులు మారి, చిన్న యజమానుల ద్వారా గ్రామాలలోని చెరువు పనులకు, పంటకుంటలకు, చేల చదునుకు చేరుతుంటాయి.

2015 మార్చి 12న సదాశివనగర్‌లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకం రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకొన్నది. పూడికమట్టిని రైతులు తమ చేలకు తోలుకోవడం ఆ పథకంలో ముఖ్యాంశం. దానితో ఎక్స్‌కవేటర్ అవసరం ప్రతి గ్రామానికీ తెలిసివచ్చింది. మన పల్లెలలో దీనిని ప్రొక్లెయినర్ అనీ, హిటాచి అనీ పిలుస్తారు. రెండూ కంపెనీల పేర్లే, వాడుకలో యంత్రం పేర్లయినాయి. పేరు పాతదే అయినా యంత్రం లోపలి నిర్మాణం మాత్రం గత రెండు దశాబ్దాలలో పూర్తిగా మారిపోయింది. ఒకప్పుడు తీగ కేబులు, లీవరు, వాల్వు ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఇంజనుకు ఒక కంట్రోలర్, హైడ్రాలిక్ పంపుకు మరొకటి, క్యాబిన్‌లోని తెరకు ఇంకొకటి ఉంటాయి. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే యంత్రం సరిగా పనిచేస్తుంది.

కంట్రోలర్లు మాట్లాడుకునే తీరు

ఈ సంభాషణకు అత్యధిక యంత్రాలలో వాడే పద్ధతి పేరు కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్. దీనినే క్లుప్తంగా క్యాన్ అంటారు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1983లో దీని రూపకల్పన మొదలుపెట్టి 1986లో ప్రకటించింది. 1993లో ఇది ఐ.ఎస్.ఓ. 11898 అనే అంతర్జాతీయ ప్రమాణమయింది. భారీ వాహనాలలో దీనిపై జె 1939 అనే ప్రమాణాన్ని అమలు చేస్తారు. ట్రాక్టరుకూ దాని పనిముట్లకూ నడుమ వాడే ఐ.ఎస్.ఓ. 11783, అనగా ఐసోబస్, దీని ఆధారంగానే రూపొందినది. కాబట్టి ఈ పాఠం ఎక్స్‌కవేటర్‌తో ముగిసేది కాదు.

క్యాన్‌లో రెండు తీగలు మెలివేసి ఉంటాయి. ఒకటి క్యాన్ హై, రెండవది క్యాన్ లో. మార్గం నిశ్శబ్దంగా ఉన్నప్పుడు రెండింటి మీద సుమారు 2.5 వోల్టులు ఉంటుంది. సందేశం పంపేటప్పుడు హై తీగ 3.5 వోల్టుల దాకా పెరుగుతుంది, లో తీగ 1.5 వోల్టుల దాకా తగ్గుతుంది. కంట్రోలర్ చూసేది ఈ రెండింటి తేడానే. ఆల్టర్నేటరు, స్టార్టరు మోటారు వంటి వాటి నుంచి వచ్చే విద్యుత్ అలజడి మెలివేసిన రెండు తీగలనూ ఇంచుమించు సమానంగానే తాకుతుంది గనుక తేడా మారదు. ఇదే ఈ పద్ధతి బలం.

ప్రధాన మార్గం రెండు కొసలలో 120 ఓంల నిరోధకం ఒక్కొక్కటి ఉంటుంది. వీటిని టెర్మినేటర్లు అంటారు. కొసకు చేరిన సంకేతం గోడకు తగిలిన బంతిలా వెనక్కి రాకుండా ఇవి పీల్చుకొంటాయి. రెండు 120 ఓంల నిరోధకాలు సమాంతరంగా ఉన్నందున ఆరోగ్యంగా ఉన్న మార్గంలో రెండు తీగల నడుమ కొలత 60 ఓంలు రావాలి. ఈ వ్యాసం మొత్తంలో గుర్తుంచుకోవలసిన అంకె ఇదే.

సమాచార వేగం జె 1939లో సాధారణంగా సెకనుకు 2,50,000 బిట్లు. మొదటి తరం ప్రమాణం ప్రకారం ప్రధాన మార్గం 40 మీటర్లకు మించరాదు, దాని నుంచి కంట్రోలర్‌కు వెళ్లే కొమ్మ తీగ 1 మీటరుకు మించరాదు. అనధికారికంగా ఏ పరికరమైనా అతికించినప్పుడు మొదట భంగమయ్యేవి ఈ హద్దులే.

ప్రతి కంట్రోలర్ తన తప్పులను తానే లెక్కపెట్టుకొంటుంది. పంపిన సందేశం చెడిపోయిన ప్రతిసారీ లెక్కకు 8 కలుస్తుంది, సవ్యంగా వెళ్లిన ప్రతిసారీ 1 తగ్గుతుంది. లెక్క 255 దాటితే ఆ కంట్రోలర్ మిగిలినవాటికి అడ్డు రాకుండా మార్గం నుంచి తానే తప్పుకొంటుంది. కనుక ఒక కంట్రోలర్ మౌనంగా ఉన్నదంటే అది చచ్చిపోయినట్లు కాదు. చెడిన తీగ మీద మాట్లాడలేక మౌనం వహించి ఉండవచ్చు. తప్పుడు నిర్ధారణలకు మూలం చాలావరకు ఈ విషయం తెలియకపోవడమే.

లోపాలు పుట్టే స్థలాలు

వాడిన యంత్రంలో సమాచార లోపానికి దారితీసే కారణాలను ఐదు వర్గాలుగా చూడవచ్చు.

మొదటిది రాపిడి. పై భాగం తిరిగే ప్రతిసారీ, బూమ్ లేచి దిగే ప్రతిసారీ హార్నెస్ కదులుతుంది. క్లాంపు ఊడిపోయిన చోట ఇనుప అంచుకు రాసుకొని తొడుగు అరిగి, చివరకు తీగ ఇనుముకు తగులుతుంది.

రెండవది తేమ, ధూళి. బొగ్గు ధూళి, సిమెంటు ధూళి, చెరువు బురద కనెక్టర్లలో చేరుతాయి. అధిక పీడన నీటితో ఇంజను కడిగినప్పుడు సీలు దెబ్బతిన్న కనెక్టర్‌లోకి నీరు దిగి పిన్నులు పచ్చగా చిలుము పడతాయి.

మూడవది విద్యుత్ సరఫరా బలహీనత. బ్యాటరీ టెర్మినళ్లు వదులవడం, ఎర్తు తీగ తుప్పు పట్టడం వలన స్టార్టు చేసే క్షణంలో వోల్టేజి పడిపోయి కంట్రోలర్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. తెర మీద మాత్రం ‘సమాచార లోపం’ అని వస్తుంది.

నాలుగవది మనుషుల చేతి పని. జి.పి.ఎస్. ట్రాకరును సమాచార తీగలకు నేరుగా అతికించి తరువాత తెంపి వదిలేయడం, మెలివేసిన తీగలను విప్పి మామూలు తీగ ముక్కతో కలపడం, టెర్మినేటరును అవసరం లేనిదని భావించి తీసివేయడం ఇందులోకి వస్తాయి. బకెట్ పళ్లకు వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ తీగ విప్పకపోవడం, ఎర్తు క్లాంపును దూరంగా తగిలించడం కంట్రోలర్‌ను నిజంగానే కాల్చివేయగల పనులు.

ఐదవది ఎలుకలు. సాగు పనులు లేని నెలలలో చేను గట్టున నిలిపిన యంత్రంలో ఎలుకలు తీగలు కొరకడం రైతులకు కొత్త విషయం కాదు.

ఈ ఐదింటిలో వెల్డింగు తప్ప మిగిలినవేవీ సాధారణంగా కంట్రోలర్ లోపలి భాగాన్ని చెడగొట్టవు. అన్నీ బయట తీగల మీదే జరుగుతాయి. అందువలన పరిశీలన కూడా బయటనుంచే మొదలుకావాలి.

నిర్ధారణ క్రమం

ముందు జాగ్రత్తలు: బకెట్‌ను నేల మీద ఆనించి, హైడ్రాలిక్ లాక్ లీవరును వేసి, ఇంజను ఆపి, తాళంచెవి తీసిన తరువాతనే పని ప్రారంభించాలి. యంత్రం చెరువు అడుగున ఉంటే ముందు గట్టి నేలకు చేర్చాలి. కొన్ని నమూనాలలో కంట్రోలర్ పనిచేయనప్పుడు పంపును నడిపేందుకు అత్యవసర స్విచ్ ఉంటుంది. అది యంత్రాన్ని సురక్షిత స్థలానికి చేర్చుకోవడానికే తప్ప రోజంతా తవ్వడానికి కాదు.

1. లక్షణాల నమోదు. ఏ హెచ్చరిక వచ్చింది, ఎప్పుడు వచ్చింది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కిన తరువాతనా, వాన పడిన మరుసటి రోజా, బూమ్ ఎత్తినప్పుడా అన్నది ఆపరేటర్‌ను అడిగి వ్రాసుకోవాలి. పైరు తెగులును గుర్తించేటప్పుడు చేను చరిత్ర అడిగినట్లే ఇదీ. కోడ్‌లను చెరిపివేయకముందే నమోదు చేయాలి.

2. సరఫరా పరీక్ష. ఎక్స్‌కవేటర్లలో సాధారణంగా రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. విశ్రాంతిలో ఉన్న మంచి బ్యాటరీల జంట 25 వోల్టులకు పైన చూపాలి. ఇంజను నడిచేటప్పుడు సుమారు 28 వోల్టులు రావాలి. తరువాత మౌనంగా ఉన్న కంట్రోలర్ కనెక్టర్ వద్ద సరఫరాను, ఎర్తును పరీక్షించాలి. ఇక్కడ ఒక మెలకువ అవసరం. చిలుము పట్టిన పిన్ను భారం లేనప్పుడు 24 వోల్టులు చక్కగా చూపుతుంది, చిన్న బల్బు తగిలించగానే పడిపోతుంది. కనుక మీటరు ఒక్కటే చాలదు. 24 వోల్టుల బల్బుతో భారం పెట్టి కొలవాలి.

3. నిరోధం కొలత. బ్యాటరీ ఐసొలేటరును తెరచి, కొన్ని నిమిషాలు ఆగి, పరీక్ష సాకెట్ వద్ద రెండు సమాచార తీగల నడుమ ఓంలు కొలవాలి. జె 1939 వాడే చాలా యంత్రాలలో ఇది తొమ్మిది పిన్నుల గుండ్రని సాకెట్. అందులో ఎ పిన్ను బ్యాటరీ రుణ ధ్రువం, బి ధన ధ్రువం, సి క్యాన్ హై, డి క్యాన్ లో. ఫలితాలను ఈ విధంగా అర్థం చేసుకోవాలి.

పట్టిక 1: సి, డి పిన్నుల నడుమ కొలత, దాని అర్థం

సుమారు 60 ఓంలు: రెండు టెర్మినేటర్లు, ప్రధాన మార్గం సవ్యంగా ఉన్నాయి.
సుమారు 120 ఓంలు: ఒక టెర్మినేటరు లేదు, లేదా అటువైపు తీగ తెగింది.
సుమారు 40 ఓంలు: మూడవ టెర్మినేటరు ఎక్కడో అదనంగా చేరింది.
సున్నాకు దగ్గర: రెండు తీగలు ఒకదానికొకటి తగిలాయి.
వేల ఓంలు లేదా అనంతం: రెండు టెర్మినేటర్లూ కనబడడం లేదు, లేదా సాకెట్ వైపు తీగే తెగింది.

కంట్రోలర్లలోని భాగాలు కొంత నిరోధాన్ని కలుపుతాయి కనుక 60కి ఒకటి రెండు ఓంలు అటూ ఇటూ ఉండడం సహజం. పాత నమూనాలు కొన్నింటిలో క్యాన్ కాకుండా వేరే సీరియల్ పద్ధతి ఉంటుంది, అక్కడ 60 ఓంల సూత్రం వర్తించదు. మరికొన్నింటిలో రెండు మూడు వేర్వేరు మార్గాలుంటాయి. అందువలన ఆ నమూనా వైరింగ్ పటం చేత ఉండడం తప్పనిసరి.

4. చాసిస్‌కు కొలత. ఇప్పుడు ఒక్కొక్క తీగకూ చాసిస్‌కూ నడుమ ఓంలు కొలవాలి. రెండూ ఎక్కువగా, ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒక తీగ సున్నా చూపి రెండవది 60 ఓంలు చూపితే, సున్నా చూపినదే ఇనుముకు తగిలిన తీగ. రెండవ తీగ టెర్మినేటర్ల గుండా మొదటి తీగను చేరి, అక్కడనుంచి ఇనుమును చేరుతున్నందున 60 కనబడుతుంది. ఏ తీగలో లోపం ఉన్నదో ఈ ఒక్క కొలతతో తేలిపోతుంది.

5. వోల్టేజి కొలత. ఐసొలేటరును మూసి, తాళంచెవి తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా, చాసిస్‌కు ఒక్కొక్క తీగకూ నడుమ వోల్టులు కొలవాలి. మల్టీమీటరు సగటునే చూపుతుంది. కనుక సమాచారం నడుస్తున్న మార్గంలో హై 2.5 కంటే కాస్త ఎక్కువగా, లో 2.5 కంటే కాస్త తక్కువగా ఉండి, రెండూ కలిపితే 5 వోల్టులకు చేరువవుతాయి. రెండూ సరిగ్గా 2.5 వద్ద నిలిచిపోతే మార్గం నిశ్శబ్దంగా ఉన్నదని గానీ రెండు తీగలు కలిసిపోయాయని గానీ అర్థం. రెండూ సున్నాకు దగ్గరగా ఉంటే ఏదో ఒకటి ఎర్తుకు తగిలింది. 5 వోల్టులను మించి ఉంటే సరఫరా తీగ ఏదో సమాచార తీగకు తగిలింది.

6. విభజించి వెదకడం. లోపం ఉన్నదని తేలిన తరువాత అది ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడానికి మార్గాన్ని సగానికి విడదీయాలి. మధ్యలోని కనెక్టర్‌ను ఊడదీసి ఏ సగంలో తప్పు కొలత వస్తున్నదో చూడాలి. ఆ సగాన్ని మళ్లీ రెండుగా చేయాలి. కనెక్టర్‌ను ఊడదీసేముందు ప్రతిసారీ ఐసొలేటరు తెరవాలి.

7. కదిలించి చూడడం. వచ్చి పోయే లోపాలకు ఇదే మార్గం. మీటరును తగిలించి ఉంచి, మరొకరు హార్నెస్‌ను క్యాబిన్ నుంచి ఇంజను దాకా కొద్దికొద్దిగా కదిలించాలి. ఏ చోట అంకె గెంతిందో అక్కడ తొడుగు విప్పి చూడాలి.

అభ్యాసం

విద్యార్థుల కొరకు ఒక సమస్యను ఊహించుకొందాం. 20 టన్నుల తరగతి వాడిన యంత్రం ఒకటి చెరువులో పూడిక తీస్తున్నది. గంట పని తరువాత ఇంజను వేగం తగ్గిపోయి, తెర మీద ఇంజను కంట్రోలర్‌తో సమాచారం లేదని వస్తున్నది. ఆపి చల్లార్చితే మళ్లీ నడుస్తున్నది. ఇంజను కంట్రోలర్ మార్చాలని సలహా వచ్చింది. ఈ యంత్రంలో ఒక టెర్మినేటరు ఇంజను కంట్రోలర్ లోపల, రెండవది క్యాబిన్ వెనుక హార్నెస్ కొసలో ఉన్నదని వైరింగ్ పటం చెబుతున్నది.

యంత్రం చల్లగా ఉన్నప్పుడు సాకెట్ వద్ద 60 ఓంలు వచ్చింది. ఇంతటితో ఆపితే తీగలు బాగున్నాయని, కంట్రోలరే చెడిందని పొరబడతాము. లోపం వేడెక్కిన తరువాత వస్తున్నది కనుక కొలత కూడా అప్పుడే తీసుకోవాలి. హెచ్చరిక వచ్చిన వెంటనే ఇంజను ఆపి, ఐసొలేటరు తెరచి కొలిస్తే 120 ఓంలు వచ్చింది. అంటే ఒక టెర్మినేటరు కనబడడం లేదు. ఏ వైపుది?

ఇంజను కంట్రోలర్ కనెక్టర్‌ను ఊడదీసి సాకెట్ వద్ద మళ్లీ కొలవాలి. కొలత అనంతమైతే అంతవరకు కనబడినది ఇంజను వైపు టెర్మినేటరే, లోపం క్యాబిన్ వైపున ఉన్నది. కొలత మారకుండా 120 గానే ఉంటే ఇంజను వైపుది ముందే కనబడడం లేదు, లోపం సాకెట్‌కు ఇంజను కంట్రోలర్‌కు నడుమ గానీ, కంట్రోలర్ లోపల గానీ ఉన్నది. ఇక్కడ 120 గానే ఉన్నదనుకొందాం. తరువాతి మెట్టు, ఊడదీసిన కంట్రోలర్ పిన్నుల మధ్యనే నేరుగా కొలవడం. అక్కడ 120 ఓంలు వస్తే టెర్మినేటరు క్షేమం. ఇక మిగిలింది నడుమ ఉన్న తీగ. కదిలించి చూసినప్పుడు ఇంజను గది గోడను దాటే చోట అంకె గెంతితే, అరిగిన తొడుగులో సగం తెగిన తీగ దొరుకుతుంది. వేడికి వ్యాకోచించినప్పుడు అది విడిపోతున్నది, చల్లారినప్పుడు తగులుకొంటున్నది.

ఈ అభ్యాసంలో కంట్రోలర్ మార్చి ఉంటే ఏమయ్యేది? కొత్త కంట్రోలర్ తగిలించేటప్పుడు హార్నెస్ కదిలి తీగ కాసేపు తగులుకొనేది, యంత్రం బాగయిందనిపించేది. రెండు రోజుల తరువాత లోపం తిరిగి వచ్చేది. అప్పటికి డబ్బూ పోయేది, వేసవీ పోయేది.

కోడ్‌లను చదవడం

జె 1939 ప్రకారం లోప సంకేతంలో రెండు ముఖ్య భాగాలుంటాయి. ఎస్.పి.ఎన్. అనేది ఏ అంశంలో లోపమో చెబుతుంది, ఎఫ్.ఎం.ఐ. అనేది ఎటువంటి లోపమో చెబుతుంది. ఎఫ్.ఎం.ఐ. 3 అంటే వోల్టేజి మామూలు కంటే ఎక్కువ. 4 అంటే తక్కువ. 5 అంటే కరెంటు మామూలు కంటే తక్కువ లేదా తీగ తెగడం. 9 అంటే సందేశం రావలసిన వేళకు రాకపోవడం. 19 అంటే అందిన సమాచారం తప్పుగా ఉండడం. ఎస్.పి.ఎన్. 639 ప్రధాన సమాచార మార్గాన్ని సూచిస్తుంది. కొందరు తయారీదారులు తమ సొంత కోడ్‌లను వాడతారు, వాటికి ఆ యంత్రపు పుస్తకమే ఆధారం.

కోడ్‌లను విడివిడిగా కాక కలిపి చదవాలి. మూడు కంట్రోలర్లు ఒకే కంట్రోలర్ మీద ఫిర్యాదు చేస్తే ఆ ఒక్కదాని సరఫరా, ఎర్తు, కొమ్మ తీగ చూడాలి. ప్రతిదీ ప్రతిదాని మీద ఫిర్యాదు చేస్తే ప్రధాన మార్గం చూడాలి. ఒకేసారి సంబంధం లేని పది కోడ్‌లు వస్తే పది లోపాలున్నాయని కాదు, బ్యాటరీనీ ప్రధాన ఎర్తునూ పరీక్షించమని అర్థం. కోడ్ చెప్పేది లోపం ఎవరికి తెలిసిందన్న సంగతి. అది ఎక్కడ పుట్టిందో కొలత చెప్పాలి.

వాడిన యంత్రం కొనేముందు, అద్దెకు తీసుకొనేముందు

రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, అద్దె యంత్ర కేంద్రాలు వాడిన యంత్రాలను తీసుకొనే సందర్భాలలో ట్రాకు, బకెట్, ఇంజను శబ్దం చూడడం ఆనవాయితీ. దానికి ఈ కింది పరిశీలనలను చేర్చవలసి ఉన్నది.

తాళంచెవి తిప్పగానే తెర మీద అన్ని హెచ్చరిక దీపాలు వెలిగి ఆరుతున్నాయా చూడాలి. అసలు వెలగకపోతే దీపం తీసివేసి ఉండవచ్చు. పాత కోడ్‌ల జాబితా చూపమని అడగాలి. జాబితా పూర్తిగా ఖాళీగా ఉంటే సంతోషించనక్కరలేదు, అంతకుముందే చెరిపివేసి ఉండవచ్చు. కనీసం గంటసేపు భారంతో నడిపి మళ్లీ చూడాలి. సాకెట్ వద్ద 60 ఓంల పరీక్షను చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడిగా ఉన్నప్పుడొకసారి చేయాలి. హార్నెస్ మీద కొత్త టేపు చుట్టిన చోట్లను, తెంపి వదిలిన తీగలను గుర్తించాలి. కంట్రోలర్ల మీది పార్టు నెంబర్లు ఆ నమూనాకు చెందినవేనా సరిచూడాలి. వేరే యంత్రం నుంచి తెచ్చిన కంట్రోలర్ కనెక్టర్‌కు సరిపోయినా, దాని సాఫ్ట్‌వేరు సరిపోకపోతే మిగిలిన వాటితో మాట కలవదు.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

విస్తరణ శాస్త్రవేత్త మెకానిక్ కానక్కరలేదు. అయితే తప్పు సలహాను గుర్తించగలిగినంత పరిజ్ఞానం ఉండాలి. పురుగును గుర్తించకుండా మందు చల్లితే ఏమవుతుందో మనకు తెలుసు. కొలవకుండా కంట్రోలర్ మార్చడం అటువంటిదే. ‘ఓంలు కొలిచారా, ఎంత వచ్చింది, వేడిగా ఉన్నప్పుడు కొలిచారా’ అన్న మూడు ప్రశ్నలు అడగగలిగితే యంత్ర యజమానికి ఎంతో మేలు జరుగుతుంది.

ఈ అవసరం ఇకముందు పెరిగేదే. చక్రాల నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్ 1 నుంచి, 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. వాటిని అందుకొనేందుకు ఇంజను నియంత్రణ ఎలక్ట్రానిక్ కంట్రోలర్ల చేతికి వెళ్లింది. ఇవాళ్టి కొత్త ట్రాక్టరే కొన్నేళ్లకు వాడిన ట్రాక్టరుగా చిన్న రైతు చేతికి వస్తుంది. ఎక్స్‌కవేటర్లలో నేడు కనబడే సమస్యలు అప్పుడు దుక్కి చాళ్లలో ఎదురవుతాయి. పరిశోధన క్షేత్రాలలోని కొన్ని వాతావరణ కేంద్రాలు, నేల తేమ సెన్సర్లు వాడే ఆర్.ఎస్. 485 అనే సమాచార పద్ధతిలో సైతం రెండు కొసలా 120 ఓంల టెర్మినేటర్లే ఉంటాయి. అక్కడ సమాచారం రాకపోయినా ఈ కొలతలనే చేయవచ్చు.

బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రం వంటి కేంద్రాలలో గ్రామీణ యువతకు ఇచ్చే యంత్ర శిక్షణలో ఒక పూట దీనికి కేటాయించవచ్చు. అవసరమైన సామగ్రి స్వల్పం: ఒక మల్టీమీటరు, ఒక 24 వోల్టుల బల్బు, రెండు 120 ఓంల నిరోధకాలు, కొన్ని మీటర్ల మెలివేసిన తీగ. బల్ల మీద మార్గాన్ని నిర్మించి, ఒక టెర్మినేటరు తీసి, తీగలు కలిపి, తెంపి, ప్రతిసారీ కొలత ఎలా మారుతున్నదో శిక్షణార్థులచేత వ్రాయించాలి. గనుల పట్టీలో ఎలక్ట్రికల్ ఐ.టి.ఐ. చదివిన యువకులకు కొదవ లేదు. వారి చేతి నైపుణ్యానికి ఈ క్రమం తోడైతే గ్రామంలోనే నమ్మదగిన సేవ లభిస్తుంది.

ముగింపు

వాడిన ఎక్స్‌కవేటర్‌లో సమాచార లోపం కనబడినప్పుడు పాటించవలసిన వరుస ఇది: మొదట లక్షణం, తరువాత సరఫరా, ఆ తరువాత నిరోధం, వోల్టేజి, విభజన. కంట్రోలర్ మార్చడం చివరి మాట. లోపం ఏ స్థితిలో వస్తున్నదో ఆ స్థితిలోనే కొలవాలన్నది రెండవ నియమం. మరమ్మతు పూర్తయిన తరువాత మళ్లీ 60 ఓంలు వచ్చిందని నిర్ధారించుకొని, తెగిన తీగలను తిరిగి మెలివేసి, నీరు దిగని తొడుగు వేసి, క్లాంపు బిగించి, తేదీతో సహా కొలతలను యంత్రపు పుస్తకంలో నమోదు చేయాలి. మరుసటి వేసవిలో యంత్రాన్ని చెరువులోకి దింపే ముందు ఆ పుస్తకాన్ని తెరచి, అవే కొలతలను మరొకసారి తీసుకొని సరిపోల్చుకొంటే పూడిక పని సగంలో ఆగే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.